మంచులో కదమ్ తాల్

మిలిటరీ పోస్టుకు చేరింది మధ్యాహ్నం రెండింటికి. నిట్టనిలువు కొండ, నడుములోతు మంచు, ఒక బంకర్, ఆరుగురం. నా కిట్‌లో బూట్ల లోపల వేసుకునే కొత్త అట్టలు ఆరు జతలు. వాడి చూడమని ఆర్డరు.

అవి హైదరాబాద్‌లో మా నాచారం షెడ్డు సరుకు. మెత్తటి ప్లాస్టిక్‌లో పింగాణీలాంటి పొడి కలిపి పోసిన పలుచటి పొర. అడుగు పడి వంగినప్పుడల్లా కాస్త కరెంటు పుడుతుంది. కొన్ని అడుగులకోసారి బూటులోని బీకన్, మనిషి ఎటున్నాడో తెలిపే సిగ్నల్ పంపుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. ఆ పొర పోసేది మా వదిన. బయల్దేరేటప్పుడు, "పైలం మర్ది, అవి మా చేతులతోటి పోసినయి" అంది.

మా రేడియో ఆపరేటర్‌ది నాచారం దగ్గరి చెంగిచెర్ల. నన్ను బావ అనేవాడు, నా అట్టల్ని చూసి నవ్వేవాడు. "ఉప్పల్ చౌరస్తల జనానికి తొడిగితే సరి, కరెంటు బిల్లే ఉండదు బావ."

ఒక ఉదయం కింది పోస్టుకు వెళ్లే ఫోను వైరు తెగింది. అతికించడానికి వాడు నా అట్టలేసిన బూట్లతోనే వెళ్లాడు. తొమ్మిదింటికి మంచు తుఫాను కమ్మింది. చలికి వాడి సెట్టు బ్యాటరీ చచ్చింది. మా రిసీవర్‌లో బీకన్ లైటు కాసేపు మిణుకుమని ఆగిపోయింది. దారి తప్పితే కదలకుండా కూర్చోమని మాకు నేర్పారు. వాడు కూర్చున్నాడు. కూర్చుంటే కరెంటు లేదు, సిగ్నల్ లేదు. దిక్కు తెలియకుండా మనిషిని పంపనని హవల్దార్ తేల్చేశాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు ఖాళీ కిరసనాయిలు డబ్బా కనిపించింది. బయటికెళ్లి కదమ్ తాల్ దరువు మొదలుపెట్టాను. నిలబడ్డచోటే అడుగులు వేయించే డ్రిల్లు అది. ఆ దరువు చెవినపడితే సిపాయి కాళ్లు నిద్రలోనైనా ఆడతాయి. చేతులు మొద్దుబారాయి. కొడుతూనే ఉన్నాను.

లోపల్నుంచి హవల్దార్ కేక. లైటు వెలిగింది.

తాడు కట్టుకుని రిసీవర్ చూపిన దిక్కుకు పోయాం. వాడు కళ్లు మూసుకుని అడుగులు వేస్తున్నాడు. పేరు పెట్టి పిలిచినా ఆగలేదు. "థమ్" అని ఆర్డరిచ్చాను. ఠక్కున ఆగాడు.

"డబ్బ నువ్వేనా బావ కొట్టింది? తాళం తప్పింది."

సెలవు దొరకగానే ఉప్పల్‌లో దిగి, ఇంటికి కూడా పోకుండా నాచారం షెడ్డుకే వెళ్లాను. అంతా విని వదిన ఒకటే అడిగింది. "పిలగాని కాళ్లు మంచిగున్నయా?"

"కాలి ఏళ్లు పదికి పది ఉన్నయి వదినా."

ఆమె వెంటనే మిషన్లు ఆపించి అందరినీ పిలిచింది. మళ్లీ మొదటినుంచి చెప్పించింది. ఆ రోజంత గర్వం నాకు ఏ మెడల్‌తోనూ రాలేదు.

ఉద్యోగం వదిలి చాలాకాలమైంది. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది. అంత మంచులో, తొక్కి తొక్కి గట్టిపడిన పళ్లెమంత చోటు, అందులో ఆగకుండా ఆడుతున్న రెండు బూట్లు.