ఉదయగిరి నుంచి నడిచొచ్చిన గాలివాన

మూడేళ్ల కిందటి మే నెల. ఆత్మకూరు సబ్‌స్టేషన్‌లో నాది పగటి షిఫ్ట్. ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్‌ని ఫీడర్ అంటాం. మూడున్నరకు ఉదయగిరి వైపు ఫీడర్ ట్రిప్ అయింది, అంటే దానంతటదే ఆగిపోయింది. అక్కడి ఆపరేటర్‌కి ఫోన్ చేశాను.

“పట్టపగలే చీకటైపోయినాది మేడం. ఆకు కదలడంలా. కాకి గూడా అరవడంలా,” అన్నాడు. అంతలో ఫోన్‌లో హోరు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

కాసేపటికి మర్రిపాడు ఫీడర్ పోయింది. మా కిటికీ బయట మాత్రం ఎండ. ఎవరో ఒక్కో గదిలో దీపం ఆర్పుకుంటూ మా వైపే వస్తున్నట్టు అనిపించింది.

విడి మబ్బు గంటలో కురిసి పోతుంది. ఇది స్క్వాల్ లైన్, వరసకట్టిన ఉరుము మబ్బులు. వానతో దిగిన చల్లగాలి నేలబారున ముందుకు తోసుకొచ్చి, ఎదురుగా ఉన్న తేమ వేడిగాలిని పైకెత్తుతుంది. పాత మబ్బు కరిగేలోగా అక్కడ కొత్తది పుడుతుంది. అందుకే ఆగకుండా నడుస్తుంది. ఇదంతా తర్వాత తెలుసుకున్నాను.

చేజర్ల దగ్గర లైన్‌మన్ యేసోబు స్తంభం మీద ఉన్నాడు. కరెంటు ఆపి, ఎక్కమని లైన్ క్లియర్ ఇచ్చింది నేనే. వెంటనే ఫోన్ చేశాను.

“దిగన్నా, గాలివాన వస్తోంది.”

“ఎండ కాస్తా ఉంటే ఏంది మేడం? ఇక్కడ మస్తానవ్వకి కరెంటు లేక ఆక్సిజన్ మిషన్ ఆగిపోయి ఉండాది.”

“ముందు దిగు. అవ్వకి 108 పిలుద్దాం.”

గొణుక్కుంటూ దిగి బడి వరండాలోకి చేరాడు. పావుగంటలో గాలి రేకుల కప్పులు లేపేసింది.

ఐదున్నరకు గాలి ఆగింది. సన్న తుంపర. ఆకాశం పసుపు పచ్చగా, చప్పుడు లేకుండా ఉంది.

“గాలివాన పోయింది మేడం. చెట్లు పడి 108 రాలా. లైన్ క్లియర్ ఇస్తే ఎక్కతా.”

రిజిస్టర్‌లో అతని పేరు రాశాను. సంతకం పెట్టబోతుంటే పడమర నుంచి ఒక ఉరుము, సన్నగా, చాలాసేపు దొర్లింది. చేయి ఆగిపోయింది.

“ఇవ్వనన్నా.”

“అవ్వకేమన్నా అయితే ఆ పాపం మీదే,” అని ఫోన్ పెట్టేశాడు.

పది నిమిషాలు ఆ మాటే చెవిలో. మళ్లీ ఫోన్ మోగింది. యేసోబే.

“మేడం... ఆ స్తంభం మీదే పడినాది పిడుగు.”

అవ్వను ఊరివాళ్లు ట్రాక్టర్‌లో ఆత్మకూరు ఆసుపత్రికి తెచ్చారు. బతికింది.

గాలివానకు గాలి ముందు అంచు మాత్రమే. వెనక మైళ్ల కొద్దీ మబ్బు పరుచుకుని మెల్లగా కురుస్తుంది. పిడుగు అక్కడి నుంచీ పడుతుంది. ఇప్పుడు లైన్ క్లియర్ ఎవరు అడిగినా చివరి ఉరుము తర్వాత అరగంట ఆగుతాను. ఆ అరగంటా వాళ్లు తిట్టే తిట్లు వింటాను.