'మోపు' ఆట మీద కత్తిపీట అభిప్రాయం

బహ్రెయిన్ వచ్చినవాళ్లలో కొందరు వీసా చిక్కుల్లో పడ్డారు, కొందరు పనిలో పెట్టుకున్న యజమాని కఫీల్‌తో మాటా మాటా పెంచుకుని ఇబ్బంది పడ్డారు. నేను మాత్రం శుక్రవారం మధ్యాహ్నం పరుపు మీద బోర్లా పడుకుని, ఎవరి జోలికీ పోకుండానే, ఒక మంచి మనిషి కొంప ముంచాను. ఎలా ముంచానో వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. సగం దాకా నేనూ నవ్వుతూనే చెబుతాను. ఆ తర్వాత నా వల్ల కాకపోతే ఏమీ అనుకోకండి.

నా పేరు సత్తిబాబు, మాది అమలాపురం దగ్గర. మామీర్‌లో ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపర్ని. అడిగినవాళ్లకు బోల్టులు, వెల్డింగ్ రాడ్లు ఇచ్చి సంతకం తీసుకోవడం నా డ్యూటీ. ఆ డ్యూటీలో ఉన్న బాధేమిటంటే, రోజంతా నా అభిప్రాయం ఎవరూ అడగరు. "ఈ బోల్టు మీద మీ ఉద్దేశం ఏమిటండీ సత్తిబాబుగారూ" అని ఒక్క ఫిట్టరూ అడిగిన పాపాన పోలేదు. ఆరు రోజులు లోపల పులిసిన అభిప్రాయాలన్నీ ఏడో రోజు పొంగి బయటికి రావాలి కదా. అవి వచ్చే దారి వీడియో గేములు.

పాత లాప్‌టాప్‌లో ఆడేవాణ్ని. గల్ఫ్ దేశాల్లో ఉన్న తెలుగు ఆటగాళ్లకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఎవరో ఒకరు ఒక ఆట పేరు పెడతారు, అందరూ ఆడి అభిప్రాయాలు రాస్తారు. నేను 'కత్తిపీట' అన్న దొంగ పేరుతో రాసేవాణ్ని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు పెద్దలు. ఈ కత్తిపీట దురదతోనే పుట్టింది. ఆట బాగుందని రాస్తే ఎవరూ చదవరని మొదటి నెలలోనే కనిపెట్టాను. తిడితే చదువుతారు. నవ్వొచ్చేలా తిడితే 'అన్నా, ఇంకోటి రాయి' అని బతిమాలతారు. నా జీవితంలో నన్ను బతిమాలిన మొదటి జనం వాళ్లే.

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక కోల్డ్ స్టోర్ పైన, అంటే ఇక్కడి కిరాణా కొట్టు పైన, మా గది. నాతో ఉండే ఇర్ఫాన్ భాయ్‌ది నిజామాబాద్. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. నెమ్మదైన మనిషి. శుక్రవారం నమాజు నుంచి వచ్చి ఆయన వంట మొదలుపెడితే, నేను ఆట మొదలుపెట్టేవాణ్ని. ఉర్దూ మీడియంలో చదివాడు కాబట్టి తెలుగు మాట్లాడతాడే గాని చదవలేడు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, నా పాపమంతా దీని చుట్టూనే తిరిగింది.

ఒక శుక్రవారం గ్రూపులోకి 'మోపు' అనే ఆట వచ్చింది. ఎవరో ఒక్కడే కూర్చుని చేసుకున్న చిన్న ఆట. ఒక తుక్కు యార్డు, అందులో ఒక కూలీ. పాత యంత్రాలు లేచి మీద పడుతుంటే అతను గొలుసుకు కట్టిన ఇనప ముద్దల్ని విసిరి వాటిని కూల్చాలి. అందులో ప్రతి వస్తువుకూ నిజంగా ఉన్నట్టే బరువుంటుంది. గొలుసు నిజంగానే ఊగుతుంది, రేకు నిజంగానే జారుతుంది. హీరో మాత్రం నడవలేడు. నేను పరిగెత్తించబోతే ఎడమ పక్కకు ఒరిగి బొక్కబోర్లా పడతాడు. లేపితే నాలుగడుగులు వేసి మళ్లీ పడతాడు. గంటసేపు ఆడాను. అందులో యాభై నిమిషాలు ఆయన నేల మీదే ఉన్నాడు.

ఉల్లిపాయలు కోస్తున్న ఇర్ఫాన్ భాయ్ వెనక నిలబడి చూస్తున్నాడు. ఎలా ఉందని అడిగాడు. వీడికి నడకే రాదండి భాయ్ అన్నాను.

"గాయన అట్లనే నడుస్తడు," అన్నాడు.

ఆ మాట నా చెవిలో పడింది గాని బుర్ర దాకా పోలేదు. బుర్ర అప్పటికే అభిప్రాయం రాయడంలో మునిగిపోయి ఉంది. రాసింది ఇదీ:

"ఈ హీరో కుడికాలు ఇంజనీరుగారు చేశారు, ఎడమకాలు ఇంజనీరుగారి బావమరిది చేశాడు. శత్రువులు ఇతన్ని బొత్తిగా కొట్టనక్కర్లేదు, పక్కన నిలబడి కాసేపు ఓపిక పడితే చాలు, ఆయనే పడిపోతాడు. ఈ ఆట తయారుచేసినవాడు తన జన్మలో మనిషి నడవగా చూసినట్టు లేదు."

గ్రూపు పగలబడి నవ్వింది. హీరో పడిపోయే బొమ్మలకు రకరకాల వ్యాఖ్యలు తగిలించి పంపుకున్నారు. వారం తిరక్కుండా 'మోపు నడక' అన్నది ఒక సామెత అయిపోయింది.

తర్వాతి శుక్రవారం ఇర్ఫాన్ భాయ్ ఫోను పట్టుకొచ్చి, ఎవరో కత్తిపీటట, ఏం రాశాడో చదివి చెప్పమన్నాడు. ఆ ఆట చేసినవాడు తనకు ఎరుకేనట. చదివాను. ఊరికే చదివానా, హరిదాసు హరికథ చెప్పినట్టు అభినయంతో చదివాను. బావమరిది దగ్గర ఆగి నవ్వుకున్నాను కూడా. ఆయన గిన్నెలో గరిటె తిప్పుతూ విన్నాడు. కూర మాడుతున్నా తిప్పుతూనే ఉన్నాడు. చివరికి, ఆ ఆట చేసినాయనకు తెలుగు రాయరాదు, ఆయన తరఫున జవాబు రాసిపెడతావా అని అడిగాడు.

ఇక్కడ బుద్ధున్నవాడైతే కత్తిపీటను నేనేనని చెప్పేవాడు. నాకేమో కత్తిపీటకు దీటైన జవాబు ఈ గల్ఫ్‌లో నేను తప్ప ఎవరు రాయగలరన్న గర్వం ముంచుకొచ్చింది. "హీరో నడక బాగానే ఉంది. కత్తిపీటగారు కూర్చున్న కుర్చీకే ఒక కోడు బొత్తిగా పొట్టిదేమో కొలుచుకోవాలి" అని రాసి భాయ్ ఫోనుకు పంపాను, అది ఆట చేసినాయన జవాబుగా గ్రూపులోకి వచ్చింది. గ్రూపు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు విని కత్తిపీటకు రోషం వచ్చింది. మామీర్ బస్సులో వెళుతూ నా మీద నేనే ఇంకా ఘాటుగా విరుచుకుపడ్డాను. దాన్ని ఇర్ఫాన్ భాయ్‌కి చదివి వినిపించి, ఆయన ముందే కత్తిపీటను నాలుగు తిట్టి, మళ్లీ జవాబు రాశాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగా, ఈశ్వరుడూ ఒకే పరుపు మీద పడుకుంటే ఎవరు ఎవర్ని పడతారు చెప్పండి. మూడు వారాలు అలా నన్ను నేను ఉతికి ఆరేసుకున్నాను. ఆటగాళ్లు రెండు పక్షాలుగా చీలి కొట్టుకున్నారు. రెండు పక్షాలకూ నాయకుణ్ని నేనే.

నాలుగో శుక్రవారం జవాబు రాయడానికి ఉత్సాహంగా కూర్చున్నాను. ఇర్ఫాన్ భాయ్ స్టవ్ ఆర్పేసి వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నాడు. ఈసారి నీ మాటలొద్దు తమ్మీ, నేను చెప్తా, నువ్వు ఉన్నదున్నట్టు రాయి అన్నాడు. సరేనన్నాను.

"మనిషి నడవంగ సూడలేదన్నవు. సూసిన. పదకొండేండ్లు మా అన్న ఎనక నడిచిన," అని మొదలుపెట్టాడు.

ఆట చేసింది ఆయనేనని నాకు అప్పుడు తెలిసింది. పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగింది. రాయి అన్నాడు. రాశాను.

అన్న పేరు అఫ్జల్. ఇర్ఫాన్ భాయ్‌ని ఇక్కడికి తీసుకొచ్చింది ఆయనే. మామీర్‌లోనే ఒక తుక్కు యార్డులో లోడింగ్ పని. ఎప్పుడో ఒక ఇనప పలక జారి ఎడమకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గాని కాలు వంకరపోయింది. ఉత్త చేతులతో నడిస్తే తూలేవాడు. కుడి భుజం మీద బరువు పెడితే మాత్రం నిటారుగా, ఎవరూ అందుకోలేనట్టు నడిచేవాడట. ఆటకు 'మోపు' అని పేరు పెట్టింది అందుకేనట. రెండేళ్ల కిందట ఎండాకాలంలో డ్యూటీలో ఉండగా గుండె నొప్పి వచ్చి పోయాడు. ఇప్పుడు నేను పడుకుంటున్న మంచం ఆయనదే.

"ఫోన్ల ఫోటోలున్నయి. నడిచిన వీడియో ఒక్కటి లేదు. అందుకే ఈ ఆట చేసిన. ఎడమకాలు బరువు ఎనిమిది నెలలు మారుస్తనే ఉన్న. ఒకదినం దుకాణంల కూసున్న, తెర మీద మా అన్న నడుసుకుంట వచ్చిండు. ఆ కాలు తప్పు గాదు. ఆ కాలే ఆట."

అదంతా నా చేత్తో రాసి, ఆయన ఫోనులోకి ఎక్కించి, గ్రూపులో పెట్టాను. అప్పుడైనా నిజం చెప్పి ఉండాలి. నోరు రాలేదు. ఇన్నాళ్లు ఇన్ని అభిప్రాయాలు వెళ్లగక్కిన నోరు, రెండు ముక్కల నిజం చెప్పాల్సి వచ్చేసరికి అతుక్కుపోయింది. దానికి బదులు తెలివిగా ఒక పని చేశాను. మర్నాడు కత్తిపీట చేత గ్రూపులో క్షమాపణ చెప్పించాను. ఇంత గొప్ప ఆట తాను చూడలేదని, తన కళ్లు తెరుచుకున్నాయని రాయించాను. నేను రాసినవాటిలో మనస్ఫూర్తిగా రాసింది అదొక్కటే.

అదే నిప్పంటించింది. గ్రూపులో కువైట్ నుంచి ఒకాయన ఉండేవాడు. ఊళ్లో పిల్లలకు తెలుగు చెప్పి వచ్చినవాడు, ఎవరు ఏం రాసినా తప్పులు దిద్దేవాడు. ఒక్క రోజులో ఇంత మార్పేమిటని అనుమానం వచ్చి, ఆయన కత్తిపీట రాతల్నీ, ఆట చేసినాయన జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఇద్దరూ 'సమస్య'ను 'సమష్య' అనే రాస్తున్నారు. ఇద్దరూ రెండో వాక్యంలో ఒక 'బొత్తిగా' వేస్తున్నారు. చివరికి అఫ్జల్ గురించిన ఉత్తరంలో కూడా, ఆయన 'తప్పు గాదు' అంటే నేను నా అలవాటు కొద్దీ 'బొత్తిగా సమష్య కాదు' అని రాసిపెట్టాను. ఇంకేముంది, తీర్పు వచ్చేసింది. ఆట చేసినవాడూ కత్తిపీటా ఒక్కడే, పేరు కోసం తన్ను తానే తిట్టుకున్నాడు, ఆఖరికి లేని అన్నను పుట్టించి చంపాడు. ఈ మాట మీద మాత్రం రెండు పక్షాలూ ఏకమైపోయాయి.

ఆ సాయంత్రం ఇర్ఫాన్ భాయ్ దుకాణం నుంచి వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. చాలామంది రాసినట్టున్నారు, మంచిగా రాశారా తమ్మీ, చదువు అన్నాడు. ఆయన ముఖంలో అంత ఆశ నేను ఎన్నడూ చూడలేదు. అబద్ధం చదివితే ఆయన పట్టుకోలేడు. బాగా రాశారండి అంటే నమ్ముతాడు. కాని తేలు కుట్టిన దొంగ కూడా ఎంతకాలమని నోరు మూసుకుంటాడు. ఉన్నదున్నట్టు చదివాను. చదివి, "భాయ్, ఆ కత్తిపీట నేనేనండి" అన్నాను.

జవాబులు నువ్వే రాసినవు గద అన్నాడు, అర్థం కాక. అవీ నేనేనండి, ఇవీ నేనేనండి అన్నాను. ఆయన ఫోను నా ముందు నుంచి తీసుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"నన్ను దొంగ అన్నా ఏం లేదు తమ్మీ. మా అన్న లేడన్నరు. దానికి జవాబు ఎవలు రాస్తరు?"

నేనే రాశాను. నా అసలు పేరు, ఊరు, గది, చేసిన వెధవ పని అన్నీ గ్రూపులో పెట్టాను. మూడో అవతారం వచ్చిందన్నారు. ఒకాయన దండం బొమ్మ కూడా పెట్టాడు. ఇన్నాళ్లు అబద్ధం రాస్తే అచ్చం నిజంలా ఉందన్నవాళ్లు, నిజం రాస్తే కల్పన ఇంకాస్త బాగుండాలన్నారు. రెండు రోజుల తర్వాత ఇర్ఫాన్ భాయ్ ఆటను అక్కడి నుంచి తీసేశాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. కంచంలో అన్నం ముందులాగే పెట్టేవాడు. తిన్నాక గిన్నెలన్నీ నేనే తోమేవాణ్ని.

నెల పైనే గడిచాక ఒక శుక్రవారం, అరాద్ పోదాం పా అన్నాడు. అక్కడ నీళ్ల పక్కన నడిచే దారి ఉంది. విమానాశ్రయం దగ్గరే కావడంతో విమానాలు బాగా కిందికి దిగుతూ కనిపిస్తాయి. సెలవు నాడు అఫ్జల్ వాటిని చూడ్డానికి వచ్చేవాడట. కొంత దూరం నడిచాం. నేనే ధైర్యం చేసి, ఆయన ఎలా నడిచేవాడో ఒక్కసారి చూపిస్తారా భాయ్ అని అడిగాను.

ఆయన నా వైపు చూసి, చేతిలో సంచి కింద పెట్టి, నడిచాడు. ఎడమ భుజం కిందికి జారింది, కుడికాలు ముందు పడింది, ఎడమకాలు అరక్షణం ఆగి వెనకే వచ్చింది. పది అడుగులు. నేను గంటసేపు లాప్‌టాప్‌లో పడేసిన మనిషి నా ఎదురుగా పడకుండా నడిచి వెళ్లాడు. నన్నూ నడవమన్నాడు. ప్రయత్నించాను. మూడో అడుగుకే నా కాళ్లు ఒకదానికొకటి చుట్టుకుని, పిల్లల్ని తిప్పుకుంటున్న ఒక కుటుంబం ముందు వెల్లకిలా పడ్డాను. పిల్లలు కిలకిలలాడారు. ఇర్ఫాన్ భాయ్ కూడా నవ్వాడు. నెల తర్వాత మొదటిసారి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గట్టు రాయి మీద కూలబడ్డాడు. ఆ తర్వాత ఆ భుజాలు కదులుతున్నది నవ్వుకు కాదని నాకు తెలిసింది. నేను లేచి వెళ్లి పక్కన కూర్చున్నాను. అభిప్రాయం ఏమీ చెప్పలేదు. మూడు విమానాలు దిగేదాకా అలాగే కూర్చున్నాం.

ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. ఇకపై ఎవరు ఏది తయారుచేసి చూపించినా, ఇది ఎవరి గురించో ముందు అడిగి తెలుసుకోకుండా నోరు తెరవను గాక తెరవను. ఆ ప్రతిజ్ఞకు మొన్ననే పరీక్ష వచ్చింది. మా వీధి టైలరు కుట్టిన పాంటుకు ఎడమకాలు రెండంగుళాలు పొట్టి. పాత సత్తిబాబైతే ఆ పాంటు మీద మూడు పేజీలు రాసేవాడు. నేను చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, ఇది ఎవరి జ్ఞాపకార్థం కుట్టారు భాయ్ అని అడిగాను. ఆయన టేపు తీసి నా కాలు మళ్లీ కొలిచి, ఎవరి జ్ఞాపకార్థమూ కాదు, తప్పు కుట్టానన్నాడు.

అయినా బాగుందండి అనేసి, వేసుకుని వచ్చాను.