బిచ్చి చూడప్పా

మొన్న ఆదోనిలో ఒక ఫోన్ల దుకాణానికి పోయి, నా పాత ఫోను బల్ల మీద పెట్టి, "ఒకసారి బిచ్చి చూడప్పా" అన్నాను. దుకాణంలోని అబ్బాయి కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడట, నా నెరిసిన గడ్డం వంక జాలిగా చూసి జేబులోంచి చిల్లర తీయబోయాడు. బిచ్చడమంటే మా వైపు విప్పడమనీ, నేనడిగింది బిచ్చం కాదనీ చెప్పాక ఇద్దరం తెగ నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఫోను భేషుగ్గా ఉందనీ, కంపెనీవాళ్లు దానికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేయడం వల్లే వీడియో కాల్ పోవడం లేదనీ, వేరేది కొనుక్కోవడమే మేలనీ అతను తేల్చేశాడు.

హొళగుందలో ఉన్న మా అక్కకు చెవులు పూర్తిగా పోయాయి. రోజూ సాయంత్రం ఫోనులో నా పెదవుల కదలిక చూసే మాట అందుకుంటుంది, అది ఆగిపోతే మా ఇద్దరికీ మాటల్లేనట్టే. కొత్తది కొనలేక కాదు, మూడేళ్లకు వాళ్లు మళ్లీ ఇదే పాట పాడరని నమ్మకమేమిటని నాకు ఒళ్లు మండింది.

రేడియోల కాలం ఎరిగిన మీకు నా మంట అర్థమవుతుంది. వయసులో ఉండగా ఇదే ఊళ్లో మా మేనమామ రేడియో రిపేరు దుకాణంలో పనిచేశాను. వెనక అట్ట తీస్తే ఏ తీగ ఎటు పోతుందో గీసిన పటం లోపలే అంటించి ఉండేది. మామ తాను మార్చినదేమిటో ఆ పటం కిందే పెన్సిలుతో రాసేవాడు. మన పనితనమంతా ఇట్లా రాసిపెడితే ఎమ్మిగనూరు మెకానిక్కు మన గిరాకీ తన్నుకుపోడా అని నేను గొణిగితే, "పోనీలేప్పా, రేడియో యాడికి పోతే ఆడ పలకల్ల, నేను లేకున్నా పలకల్ల" అన్నాడు. కొన్నాళ్లకు ఎమ్మిగనూరు నేతగాడొకాయన తెచ్చిన రేడియో విప్పితే, మామ రాత కింద ఆ ఊరి మెకానిక్కు మామ పనిని సవరించి సిరాతో రాసిన వరుస కనబడింది. "నాకన్నా బాగ చేసినాడు సూడు" అని మామ ఎంత సంబరపడ్డాడో!

అక్క మనవరాలు కంప్యూటరు చదువు చదువుతోంది. గుట్టు లేకుండా అందరి ముందూ పరిచిన సాఫ్ట్‌వేర్ ఉందనీ, ఎక్కడెక్కడివాళ్లో దాన్ని సవరించి మిగతావాళ్ల కోసం వదిలిపెడతారనీ ఆ పిల్ల చెప్పినప్పుడు నాకు మామ పెన్సిలే గుర్తొచ్చింది. సెలవు రోజున ఆమె ఆదోనికి వస్తే ఆ సాఫ్ట్‌వేర్‌ను నా పాత ఫోనులోకి ఎక్కించడానికి ఇద్దరం కూర్చున్నాం. మొదటిసారి తెర నల్లబడిపోయింది. పిల్ల బెదిరింది గానీ నేను లేవనివ్వలేదు. రెండోసారి వెలిగింది. తెర మీదికి రాగానే అక్క, "ఏమిరా, ఇన్నాళ్లూ యాడికి పోయింటివి?" అని గద్దించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయినా సగమే గెలిచాం. లోపల బ్యాటరీని జిగురుతో అతికించారు, పటం లేదు. మరలు తీసి ఎవరైనా విప్పుకోగల ఫోన్లు, లోపలి పటాలతో సహా, అక్కడక్కడా తయారవుతున్నాయట. ఇకపై కొంటే అటువంటిదే కొంటాను. మామ కాలంలో అడగకుండానే అట్ట వెనక దొరికిన దానికి ఇప్పుడు ఇంత పోరాడవలసి వస్తోందని దిగులుగానే ఉంది. కానీ నా సొమ్ము నేను బిచ్చుకోవడానికి మాత్రం ఎవరినీ బిచ్చమడగను.