అమెరికా రాష్ట్రాలు, మా ఇంటి పొయ్యి

మా కాలేజీ కాలంలో పిల్లల దగ్గర ఫోన్లు లేవు గానీ భయాలు మాత్రం బోలెడుండేవి. ఇప్పటి పిల్లలు కెమెరా కనబడితే చాలు గలగలా మాట్లాడేస్తున్నారు. నేను మంచిర్యాలలో డిగ్రీ చదివేటప్పుడు హాజరు పిలిస్తే "ఎస్ సార్" అనడానికి కూడా గొంతు సవరించుకునేవాణ్ణి. అలాంటి నన్ను మా చరిత్ర సారు చర్చా పోటీలోకి నెట్టారు (పారిపోతానని తెలిసి, నా పేరు ఆయనే ఇచ్చేశారు). స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అమెరికాకు బలమైన కేంద్ర ప్రభుత్వం కావాలా, రాష్ట్రాలకే హక్కులు ఎక్కువ ఉండాలా అన్నది విషయం. కేంద్రం తరఫున మాట్లాడేవాడు మా క్లాసు వాగుడుకాయ, 'రేడియో'. రాష్ట్రాల పక్షం నాది. "అమెరికోళ్ల ముచ్చట మనోళ్లకు ఎట్ల ఎక్కుతదిరా? ఇంటి లెక్క చెప్పు, అందరికీ సమజైతది" అని సారు ధైర్యం చెప్పారు. ఆ ధైర్యమే నా కొంప ముంచింది.

మాది ఉట్నూర్ దగ్గర పల్లె. మా పెద్దబాపు, మా బాపు (అంటే మా నాన్న) ఇద్దరే అన్నదమ్ములు. ఒకటే పత్తి చేను, ఒకటే పొయ్యి, మాట్లాడే నోరు కూడా ఒకటే. ఆ నోరు పెద్దబాపుది. ఏ విత్తనం పెట్టాలో, ఏ పెండ్లికి ఎవరు పోవాలో, ఆ పూట ఏ కూర వండాలో కూడా ఆయనే చెప్పేవాడు. ఆయన మీసం కదిలిందంటే మేం తింటున్న అన్నం దగ్గర కూడా బిగుసుకుపోయేవాళ్లం.

పోటీనాడు రేడియో ముందు లేచాడు. "కేంద్రం లేకపోతే సైన్యాన్ని ఎవరు సాకుతరు? ఒక రాష్ట్రం సరుకు మీద ఇంకో రాష్ట్రం పన్నేస్తే అది దేశమెట్లయితది?" అని దంచేశాడు. ఒకటే చప్పట్లు. నా వంతు రాగానే బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. ఇక ఇంటి లెక్కే గతి. "దూరాన ఉన్న రాజును వద్దని కొట్లాడి గెలిచినోళ్లు మల్ల ఇంకో రాజును నెత్తిన పెట్టుకుంటరా? ఒకింట్ల అన్ననే అన్నీ చెప్తే తమ్మునికి విలువేది? తమ్మునికి తన పొయ్యి తనకు ఉండద్దా? తనకిష్టమైన కూర తినద్దా?" అని అరిచాను. హాలంతా ఈలలు. ఆ ఊపులో ముందు వరుస వైపు చూశాను. పెద్దబాపు! కాళ్ల దగ్గర, వైండింగ్ చేయించిన బావి మోటారు. పని మీద టౌనుకొచ్చి, నేను మాట్లాడతానని విని అక్కడికే వచ్చేశాడట.

నా ప్రాణం సగం అక్కడే పోయింది. ఎందుకంటే మా వైపు తమ్ముడు వేరు పడాలనుకుంటే అన్నను నేరుగా అడగడు, అది మర్యాద కాదు. ఆ మాట ముందు ఎవరో ఒకరి నోట చెప్పిస్తాడు. మా బాపు ఆ మాటను నా నోట, అదీ మైకులో, చెప్పించాడని పెద్దబాపు అనుకోకుండా ఉంటాడా?

మొదటి బహుమతి నాకే వచ్చింది. ఏడుపూ వచ్చింది. "పా, ఇంటికి పోదాం" అన్నాడు పెద్దబాపు. బస్సులో మోటారును సీటు కిందికి సర్దాడు. అప్పుడు అడిగాడు.

"మీ బాపు చెప్పుమన్నడా?"

"లే పెద్దబాపూ, అది అమెరికా ముచ్చట..."

"అమెరికల మన పొయ్యి ముచ్చట ఎందుకొచ్చెరా?"

ఒకే కంచంలో తిని పెరిగిన అన్నదమ్ములు నా వల్ల విడిపోతారు, ఇల్లు రెండు ముక్కలవుతుంది. ఇంటికి చేరేదాకా నా బుర్రలో ఇదే తిరిగింది.

తెల్లారి పెద్దబాపు అందరినీ వాకిట్లో కూర్చోబెట్టాడు. "నా తమ్ముడు పోరనితోని వేరు పొయ్యి అడిగిపిచ్చిండు. మొఖం మీద అడిగితే నేను కాదంటనా?" అన్నాడు. మా బాపు తెల్లబోయాడు. "నీ కాళ్లు మొక్కుత అన్నా, నాకేం తెల్వది" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నన్ను చూసిన చూపుకి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"మరి ఎవలకు గావాలె పొయ్యి? చెప్పుండ్రి!"

అప్పుడు వంటింటి గడపలోంచి పెద్దవ్వ, అంటే ఆయన భార్యే, అంది. "నాకు గావాలె."

పెద్దబాపు మీసం ఉన్నచోటే ఆగిపోయింది.

"పెండ్లయి వచ్చిన సంది నువ్వు చెప్పిన కూరనే వండుతున్న. నాకేం తినబుద్ధయితదని ఒక్కనాడన్న అడిగినవా? పోరడు మైకుల అడిగింది నా మాటనే."

ఆయన, ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగాడు. "ఏం తినబుద్ధయితది?" ఆ మనిషి భయపడటం నేను చూసింది అప్పుడే.

"పుంటికూర" అంది పెద్దవ్వ, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ. (గోంగూరను మేం అలాగే అంటాం.)

ఇల్లు ముక్కలు కాలేదు. చేను పెత్తనం పెద్దబాపుకే ఉంది, వంటిల్లు ఆడవాళ్ల పాలనలోకి పోయింది. (అమెరికా వాళ్లు కూడా ఎంతో కొట్లాడి చివరికి కొన్ని అధికారాలు కేంద్రానికి, మిగతావి రాష్ట్రాలకు పంచుకున్నారని సారు తర్వాత చెప్పారు. ముందే చెప్తే ఏం పోయేది!)

ఇప్పుడు నేనే చరిత్ర సారును. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ, ఇవాళ ఇంటికెళ్లి మా ఆవిడను "నీకేం తినబుద్ధవుతోంది?" అని అడగాలని గట్టిగా అనుకుంటాను. దారి పొడుగునా ఆ మాటే మననం చేసుకుంటూ పోతాను. గడప దాటగానే మాత్రం నా నోట వచ్చేది, "ఏం కూర?"