కాకి మరిచిపోని ముఖం

మా వీధి వడ్రంగికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పదిహేను రోజులు మాత్రం నెత్తికెక్కి కూర్చుంది.

కారు మీద రెట్టలు పడుతున్నాయని, పెరట్లో చెట్టుకున్న పెద్ద కొమ్మ కొట్టెయ్యమన్నాడు ఆయన అద్దెకున్న ఇంటి ఓనరు. వడ్రంగి రంపం పట్టుకుని ఎక్కి కోసేశాడు. కొమ్మతో పాటు గూడు, అందులో రెండు కాకి పిల్లలు కింద పడ్డాయి. ఒక్కటీ బతకలేదు.

"పోనీలే, కాకులేగా!" అన్నాడు ఓనరు.

మర్నాటి నుంచి వడ్రంగి గుమ్మం దాటితే చాలు, తల్లికాకి దూసుకొచ్చి తల మీద తన్నేది. తువ్వాలు చుట్టుకున్నాడు. బావమరిది చొక్కా తొడుక్కున్నాడు. చివరికి హెల్మెట్ పెట్టుకుని చెక్కకు చిత్రిక పడుతుంటే దాని మీదా టకటకా పొడిచింది. పక్కనే కారు తుడుచుకుంటున్న ఓనరు జోలికి మాత్రం పోలేదు.

"కొట్టించినవాణ్ణి వదిలేసి నన్ను పట్టుకుందేంటి దీని దుంపతెగ!" అని అరిచాడు వడ్రంగి.

"కాకి తంతే ప్రాణగండం బాబూ," అంది అత్తగారు వణికిపోతూ. "మీరు పోయారని చుట్టాలకి కబురు పెడితే గండం గడుస్తుందట."

"నోరు ముయ్యండి అత్తయ్యా!"

ఆవిడ నోరు మూసుకుంది గానీ ఫోను మూసుకోలేదు. మధ్యాహ్నానికల్లా ఆటోలోంచి అక్కాబావలు ఏడుస్తూ దిగారు. హెల్మెట్‌తోనే తలుపు తీశాడు వడ్రంగి. అక్క కెవ్వుమంది. ఆయన అత్తగారి మీద అరిచిన అరుపులకి వీధంతా బయటికొచ్చింది.

అక్క వెంట వచ్చిన మేనకోడలు నెమ్మదిగా అంది: "చొక్కా మారిస్తే లాభం లేదు మామయ్యా. కాకులు మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకుంటాయి, ఏళ్ల తరబడి. అది చూసింది నీ ముఖమే."

వడ్రంగి హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు.

ఆ వారమే ఓనరు మళ్లీ వచ్చాడు. "మిగతా చెట్టు కూడా కొట్టెయ్. పీడా పోతుంది."

"రంపం ఇస్తాను, మీరే ఎక్కండి. మీ ముఖం కూడా చూస్తుంది."

"హద్దు మీరుతున్నావ్! ఇల్లు ఖాళీ చెయ్."

"చేస్తా. కానీ నేనున్నన్నాళ్లూ ఆ చెట్టు మీద చెయ్యి పడితే ఊరుకోను!"

నెలాఖరుకి సామాను ఎత్తేశాడు. కొత్త వీధిలో ఏ కాకీ ఆయన్ని తన్నలేదు. అయినా ఎవరైనా ఈ కథ చెప్పి నవ్విస్తుంటే మండిపడతాడు. "నవ్వడానికేముంది? ఎక్కేముందు ఒక్కసారి తలెత్తి చూడలేదు, వెధవని!" అని తనని తానే తిట్టుకుంటాడు.