మైదాకు కంచె

పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు తోటలు గీసిపెట్టడం నా బతుకుతెరువు. మొక్కల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా ఇష్టం. ఇన్నేళ్లలో ఈ రెంటినీ కలపాలని చూసింది ఒక్కసారే. ఆ తర్వాత మళ్లీ ఓపిక రాలేదు.

కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ వాళ్లు గేటు నుంచి ప్యాకింగ్ షెడ్డు దాకా కంచె మొక్కలు కావాలన్నారు. యజమానులు ఎప్పుడూ అడిగేదే అడిగారు. పచ్చగా ఉండాలి, ఆకు రాలకూడదు, వీలైతే నీళ్లు కూడా తాగకూడదు. ఆ దారిన నడిచేది ఎక్కువగా ఆడవాళ్లు. అందుకని గోరింట పెట్టించాను. ఇక్కడివాళ్లు మైదాకు అంటారు. కత్తిరించేకొద్దీ గుబురుగా వస్తుంది. అది పూసినప్పుడు అక్కడే స్టూలు వేసుకుని, ముడతలు పడ్డ ఆ చిన్న రేకులను రంగుల్లో వేశాను. నేను వేసినవాటిలో నాకు నచ్చిన బొమ్మలు తక్కువ. అది నచ్చింది.

ఆషాఢం వచ్చింది. షిఫ్టు దిగి వెళ్తూ ఆడవాళ్లు కొంగుల నిండా ఆకు దూసుకెళ్లారు. చూసి మురిసిపోయాను. మర్నాడు పొద్దున ఎర్రటి చేతులతో వచ్చినవాళ్లందరినీ షెడ్డు గుమ్మంలోనే ఆపేశారు. మందులు ముట్టుకునే చేతులకు ఏ రంగూ ఉండకూడదట.

కంచె పీకేయమన్నారు. మేనేజరు దగ్గరికెళ్లి బతిమాలాను. "గ్లవ్స్ వేసుకుంటారు కదండీ?"

"ఆడిట్‌కొచ్చేవాళ్లకు ఆ మాట మీరు చెప్తారా మేడం?" అన్నాడాయన, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా.

ఆడవాళ్లంతా కలిసి అడిగితే వింటారేమో అనిపించింది. గేటు బయట టీ కొట్టు దగ్గర, వెనక్కి పంపేసినవాళ్లలో ఒకావిడ కనిపించింది. లోపలికి రానిస్తారేమోనని రోజూ వచ్చి అడిగి పోతోందట. నన్ను చూడగానే చేతులు కొంగు కింద పెట్టుకుంది.

"మైదాకు మంచిగనే వెట్టిన్రు మేడం. గనీ ఎరుపు పొయ్యేదాంక ఇంట్ల కూసోమన్నరు. గన్ని దినాల హాజరు వాయె. ఇగ మాకోసమని ఏం వెట్టకుండ్రి."

కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

గోరింట పీకించి, ఎవరికీ ఎందుకూ పనికిరాని పొద ఒకటి పెట్టించాను. బాగా పెరిగింది. మేనేజరు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు, ఒక్క ఆకు కూడా ఎవరూ ముట్టుకోవడం లేదని.