నాలుగు అంగుళాల ఇసుక

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో మోటార్‌సైకిళ్లకు బెండు పైపులు వంచే ఉస్తాద్ కుడి కన్ను పోవడానికి నేను చెప్పిన ఒక లెక్క కారణం. ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆయన భార్య ఒక్కసారి అంది. నేను ఇప్పుడు రాస్తున్నాను.

ఆఫీసులు కర్నూలు నుంచి హైదరాబాద్‌కు కదిలినప్పుడు ఫైళ్లతో పాటు నేనూ వచ్చాను. లక్డీకాపూల్‌లో గుమస్తా పని. చెరువు కట్టల కొలతలు సరిచూడటం. బడిలో నేర్చుకున్న లెక్క తక్కువ. మిగతాదంతా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు ఏరుకున్న పాత పుస్తకాల్లోదే. ఎనిమిదేళ్లు ఎవరెవరో కొలిచి తెచ్చిన అంకెల్ని సరిచూశాక, స్వయంగా చెరువుల దగ్గరికి వెళ్లే టూరు పని నాకు దక్కింది. దానికోసం, బదిలీ మీద పోతున్న ఒక మిలిటరీ అధికారి దగ్గర రెండు సిలిండర్ల ఇంగ్లీషు మోటార్‌సైకిల్ కొన్నాను. ఇంజను బాగుంది. పొగను ఇంజను నుంచి సైలెన్సర్ దాకా తీసుకుపోయే బెండు పైపులు మాత్రం రెండూ తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి.

ఆబిడ్స్ దుకాణంలో అడిగితే విదేశీ సామాను రావడం లేదన్నారు. పాత ఇనుము కొట్లో ఒక జోడు దొరికింది కానీ రేకు పలచన, ఒకదాని నోరు సొట్టపోయింది. ఇక చేత్తో వంచి ఇచ్చే ఉస్తాద్ ఒక్కడే మిగిలాడు. నేను పుస్తకం ముందేసుకుని మూడు రోజులు లెక్క వేశాను. కంపెనీ పైపు పొడవు ఇరవై ఏడు అంగుళాలు. నాకు ముప్పై ఒకటి తేలింది.

"కంపెనోడు పాగల్ అనుకుంటున్నవా సారూ?" అన్నాడు ఉస్తాద్ నా కాగితం చూసి.

"కాదు ఉస్తాద్. అతను చల్లటి దేశంలో ఒంటరిగా పోయేవాడి కోసం చేశాడు. నేను వెనక సామాను కట్టుకుని ఘాట్లు ఎక్కాలి. పైపు పొడుగైతే తక్కువ వేగంలో లాగుడు పెరుగుతుందండీ."

ఆయన భార్య కొలిమి పంఖా తిప్పుతూ నవ్వింది. "నాలుగు అంగుళాలకే గుట్టలెక్కుతదంటే మా ఆయనకు గూడ ఒకటి తగిలియ్యి సారూ. మొజంజాహీ మార్కెట్ దాంక పోయొచ్చేతందుకే పొద్దంత చేస్తడు."

"నువ్వు పంఖా తిప్పు," అన్నాడాయన.

గొట్టం వంచే పద్ధతి ఇదీ. ఇసుకను పెనం మీద బాగా వేయించి, జల్లించి, గొట్టంలో కూరి, సుత్తితో తట్టి దింపుతారు. రెండు కొసలకూ చెక్క బిరడాలు బిగిస్తారు. అప్పుడు కొలిమిలో ఎర్రగా కాల్చి వంచితే గొట్టం నొక్కుకుపోదు. ఇసుక వేయించడం భార్య పని. ఆమె అలవాటు ప్రకారం కంపెనీ కొలత పైపులకు ఎంత కావాలో అంతే వేయించింది.

అది శనివారం సాయంత్రం, బయట వాన. మొదటి పైపులో తగ్గిన ఇసుక డబ్బాలో మిగిలిన పాతదాంతో సరిపోయింది, అది చక్కగా వచ్చింది; గొట్టం ఇంకా చల్లారక దాని ఇసుక దులపలేదు. రెండో దాంట్లో ఇసుక పోసి తట్టేసరికి పైన నాలుగు అంగుళాలు ఖాళీ మిగిలింది. నేను పెంచిన నాలుగు అంగుళాలే. ఆమె బయట గోనెపట్టా కింద ఉన్న కుప్పలోంచి పిడికెడు తెచ్చి, వేళ్ల మధ్య నలిపి చూసింది.

"సల్లగున్నది. పెంక మీద ఎయ్యాలె. జర ఆగున్రి."

"ఎంతసేపు?" అని అడిగాను.

"అర్ధగంట."

ఉస్తాద్ నా వైపు చూశాడు. "ఏమంటవు లెక్కల సారూ?"

నేను అప్పటికప్పుడు మనసులో గుణించాను. "వంచాక తీసేసే కొసలతో కలిపి ఈ గొట్టం నలభై ఎనిమిది అంగుళాలు. అందులో నాలుగంటే పన్నెండో వంతు. దాంట్లో తడి ఎంతుంటుంది ఉస్తాద్, మహా అయితే రెండు చెంచాలు. మిగతా పదకొండు వంతులూ ఎండిందే కదా."

"సార్ చెప్పినంక ఇంకేంది," అని ఆయన ఆ ఇసుక పోసి బిరడా కొట్టాడు.

ఆ అర్ధగంటలో నాకు వేరే పనేమీ లేదు. సోమవారం పొద్దున టూరుకు బయలుదేరాలి. పైపులు ఆదివారం బిగించుకోవచ్చు. అయినా ఆగలేకపోయాను.

గొట్టం ఎర్రబడింది. వంపు మొదలుపెట్టి, మొదటి పైపుతో సరిపోతోందా అని ఆయన ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో కొస వెంబడి గురి చూశాడు. స్టేషన్లో బోగీకి బోగీ తగిలించినప్పటి చప్పుడు అయింది. బిరడా లేచిపోయింది. వెనకే కాలిన ఇసుక.

రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. ఆమె దారి పొడుగునా తడి కొంగు ఆయన ముఖం మీద పట్టుకుంది. చూపు రాదని డాక్టరు చెప్పాక, వరండాలో నాతో అంది:

"లెక్కలు చదివినోని మాట ఇన్నడు. ఇసుక చేత పట్టుకున్నదాని మాట ఇనలేదు."

ఆ రాత్రి పుస్తకంలో చూశాను. రెండు చెంచాల నీళ్లు ఆవిరైతే దాదాపు కిరసనాయిలు డబ్బా నిండుతుంది. ఆ పేజీ నాకు తెలియంది కాదు. ఇంజను గురించి చదువుతూ పెన్సిలుతో గీత కూడా గీసుకున్నాను.

సోమవారం నేను వెళ్లలేదు. టూరు పని ఇంకొకరికి ఇచ్చారు. మళ్లీ పాత బల్ల ముందు కూర్చున్నాను.

మూడు నెలలకు ఉస్తాద్ కబురు పంపాడు. రెండో పైపు వంచాడట. వెళ్లేసరికి రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

"చూడు సారూ, జోడు కుదిరిందా? ఒంటి కంటితోని మొదటి పని."

కొలత ఫీతా పెట్టాను. అంగుళంలో ఎనిమిదో వంతును అక్కడ సూత్ అంటారు. కొత్త పైపు వంపు మూడు సూతులు పక్కకు పోయింది. బిగించేటప్పుడు బలవంతంగా లాగితే తప్ప కూర్చోదు. ఆయన మిగిలిన కన్ను నా ముఖం మీదే ఉంది.

"కుదిరింది ఉస్తాద్. వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాను.

ఆయన భార్య నా వెనకే నిలబడి ఉంది. ఆమెకు అంకెలు రావు. ఆ పైపుల్ని నేనే లాగి బిగించుకున్నాను. ఎక్కడికీ పోయే పని లేకపోయినా రోజూ ఆఫీసుకు ఆ బండి మీదే వెళ్లాను. కుడివైపు బిగించిన ఆ కొత్త పైపు గడగడలాడేది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆమె మా ఆఫీసు గేటు దగ్గర కనిపించింది.

"రెండు జోడులు వాపస్ తెచ్చిన్రు సారూ. వంకర పోయినయని బజార్ల నిలబడి తిట్టిపోయిన్రు. గాయన ఒప్పుకుంటలేడు. లెక్కల సారే సరి అన్నడు, వాళ్లకు కొలవరాదు అంటడు. నిజం చెప్పు. గా దినం ఫీతా ఎంత చూపెట్టింది?"

"మూడు సూతులు తేడా ఉందమ్మా."

"గప్పుడే చెప్తే నీ ఒక్కని ముందలనే సిగ్గు పోతుండె," అంది. తర్వాత, "వచ్చి చెప్పు. నేను చెప్తే ఇనడు."

వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు. బండి మీదున్న పైపులు విప్పమన్నాడు. సందులోనే కూర్చుని విప్పాను. వేడి చల్లారేదాకా ఆగి, కుడి పైపును ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో మెల్లగా వంపు వెంట తడుముకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"గీడ."

ఫీతా పెట్టి చూశాను. సరిగ్గా అక్కడే.

"వేలుకు దొరుకుతున్నది," అన్నాడు. "గని కాలినప్పుడు వేలు పెట్టలేను గద సారూ." భార్య వైపు తిరిగి, "కొలిమి ఆర్పు," అన్నాడు.

ఆమె బొగ్గుల మీద నీళ్లు చల్లింది. ఆయన ఆ జోడును నాకు తిరిగి ఇవ్వలేదు. పైపులు లేని మోటార్‌సైకిల్‌ను నాంపల్లి నుంచి ఇంటిదాకా నెట్టుకుంటూ వచ్చాను.